మత్తు ఎక్కని మనిషి

రియాద్‌లో మత్తు డాక్టర్ పక్కన టెక్నీషియన్‌గా నిలబడి నిలబడి నా కాళ్లు అరిగిపోయాయి. తెలుగువాళ్లెవరైనా ఆపరేషన్‌కి వస్తే దుబాసీ పనీ నాదే. దాన్నెవరూ పని కింద లెక్కపెట్టరు.

ఆ రోజు నాలుగో కేసు హెర్నియా. ఊరి శివారు సులైలో వెల్డింగ్ చేసే జగిత్యాల మనిషి. ముందుగా అడిగే ప్రశ్నల్లో తాగే అలవాటుందా అన్నదొకటి. ఇక్కడ తాగడమే నేరం కనుక, అడక్కుండానే అందరికీ ‘లేదు’ అని రాసేస్తాం. అతని వేళ్లు వణకడం చూసి ఆగలేక అడిగాను. పక్కనే అతన్ని తీసుకొచ్చిన కంపెనీ మనిషి.

“అయ్యో, లే సారూ! నేను ముట్టనే ముట్ట.”

నోరు ఆ మాట అంటుంటే కళ్లు నన్ను బతిమాలాయి. కంపెనీకి తెలిస్తే వీసా రద్దు చేసి, ఎగ్జిట్ కొట్టి ఇంటికి పంపేస్తారు. కూలీల క్యాంపుల్లో చాటుగా కాచే సారా సంగతి నాకు తెలియంది కాదు. అయినా ‘లేదు’ అనే రాశాను. వాదించే ఓపిక లేదు, అంతే.

ఒక నాడీకణం నుంచి ఇంకోదానికి కబురు వెళ్లాలంటే మధ్యలో సన్నని సందు దాటాలి. ఈ కణం రసాయనం వదిలితే ఆ కణం అందుకుంటుంది. కొన్ని కబుర్లు ‘కదులు’ అంటాయి, కొన్ని ‘ఆగు’ అంటాయి. మా మందు ‘ఆగు’కి బలం పెంచుతుంది. సారా కూడా అక్కడే పనిచేస్తుంది. ఏళ్ల తరబడి తాగిన మెదడు ఆ ‘ఆగు’కి మొద్దుబారిపోతుంది. మామూలు మోతాదు చాలదు.

పాలలా తెల్లగా ఉండే మత్తుమందు నరంలోకి ఎక్కించారు. ఇంకొకరైతే ఈపాటికి కళ్లు మూసేవారు. ఇతను నన్నే చూస్తున్నాడు. సగం మత్తులో కత్తి పడితే? డాక్టర్ చెవిలో చెప్పేశాను.

“రోజూ తాగుతాడు సార్.”

ఆయన నావైపు కోపంగా చూసి మోతాదు పెంచారు. అతను నిద్రపోయాడు.

మెలకువ రాగానే నా చెయ్యి పట్టుకున్నాడు. “సారూ, మత్తుల నేనేమన్న నోరు జారిన్నా?”

“లేదన్నా. నువ్వేం మాట్లాడలేదు.”

“బతికిచ్చినవ్ సారూ.”

అతనింకా నా చెయ్యి వదల్లేదు. కంపెనీ మనిషి, డాక్టర్ ‘రోజూ తాగుతాడు’ అని రాసిన ఫైలు పట్టుకుని లోపలికొచ్చి, ఎన్నాళ్లనుంచి తాగుతున్నాడో అడిగి చెప్పమన్నాడు.