తేదీ తిప్పని ముద్ర

నా చిన్నప్పుడు మా చిన్నాయనకు పెళ్లి కాకపోవడానికి స్టాంపులే కారణమని మా జేజి, అంటే మా నాయనమ్మ, ఊరంతా చెప్పుకునేది. అందులో కొంత నిజం లేకపోలేదు. పిల్లనిచ్చేవాళ్లు ఇంటికి వస్తే వాళ్లకు మంచినీళ్లు అందకముందే ఈయన ఆల్బం తెచ్చి ఒళ్లో పెట్టేవాడు. వాళ్లు నాలుగు పుటలు తిప్పి, మళ్లీ వస్తామని చెప్పి పోయేవాళ్లు. ఎవరూ మళ్లీ రాలేదు.

మాది జమ్మలమడుగు దగ్గర ఒక నేతగాళ్ల ఊరు. మా జేజినాయన, అంటే మా నాయనకు నాయన, గుంత మగ్గం మీద చీరలు నేసేవాడు. చిన్నాయన ఆయన చిన్న కొడుకు, ఊరి హైస్కూల్లో గుమాస్తా. స్టాంపులు పోగేసి పుస్తకంలో అంటించడం ఆయనకు చాలేది కాదు, మాగ్జిమమ్ కార్డులు చేసేవాడు. ముందు ఒక బొమ్మ కార్డు సంపాదించాలి. బొమ్మ ఉన్న వైపునే, అదే బొమ్మ ఉన్న స్టాంపు అంటించాలి. ఆ బొమ్మ ఏ ఊరిదో ఆ ఊరి పోస్టాఫీసుకే పోయి దాని మీద ముద్ర వేయించాలి. ముద్ర సగం స్టాంపు మీద, సగం కార్డు మీద పడాలి. ఊరి పేరూ తేదీ స్పష్టంగా కనబడాలి. మూడూ ఒకదానికొకటి అతికితేనే కార్డు, లేకపోతే పొయ్యిలోకి పనికొచ్చే అట్టముక్క అనేవాడు.

ఒక ఏడాది మగ్గం బొమ్మ ఉన్న స్టాంపు ఆయన చేతికి వచ్చింది. మగ్గం బొమ్మ కార్డు మాత్రం ఎంత వెతికినా దొరకలేదు. ఇంట్లోనే మగ్గం ఉంది, నేసే మనిషి ఉన్నాడు, ఇంకెక్కడో వెతకడమెందుకని స్టూడియో అతన్ని పిలిపించి జేజినాయనకే ఫోటో తీయించాడు. అప్పటిదాకా ఆయన ఫోటో అన్నది మా ఇంట్లో లేదు. "నా మొగం ఎవురికి గావాలరా?" అని ముందు రోజంతా విసుక్కున్నాడు గానీ, ఆ పొద్దున మాత్రం అందరికంటే ముందు లేచి గడ్డం గీయించుకుని వచ్చాడు.

ఫోటోను పోస్టుకార్డు అట్ట మీద వేయించి తెచ్చాక జేజినాయన దాన్ని రెండు చేతులా పట్టుకుని చాలాసేపు చూశాడు.

"ఇది యాడికి పోతాది?"

"యాడికీ పోదు నాయనా. ముద్ర వేయించుకొని ఇంటికే తెస్తా."

"పోని జాబుకు ముద్రెందుకురా!" అని నవ్వాడు. నవ్వు కాస్తా దగ్గులోకి దిగింది. అప్పటికే ఆయన రొమ్ములో జబ్బు ముదిరి ఉంది. కడప ఆసుపత్రిలో చూపించి తెచ్చారు, ఇక మగ్గం జోలికి పోవద్దన్నారు. గుంతలో కాళ్లు పెట్టడం మానేసిన మనిషి రోజంతా ఏం చేస్తాడు? మంచం మీద పడుకుని ఆ కార్డు సంగతే అడిగేవాడు. ఒక మధ్యాహ్నం నేను కాళ్లు పిసుకుతుంటే నాతో అన్నాడు, "సర్కారు ముద్ర పడితే, ఈడ ఒకడు నేసినాడని ఉంటాది పాపా. చీరలైతే చినిగిపోయినాయి గదా." ఆ కోరిక ఆయనకు ఎంత లోతుగా ఉందో నాకు అప్పుడే తెలిసింది. చూసి పోవాలనుకున్నాడు, అంతే.

చిక్కంతా మా ఊరి పోస్టాఫీసు ముద్రతో వచ్చింది. అది అరిగిపోయి, కొడితే పిడక అంటించినట్టు నల్లగా పడేది తప్ప ఒక్క అక్షరం కనిపించేది కాదు. కొత్తది కావాలని పైకి రాశామనీ, ఇవాళో రేపో వస్తుందనీ పోస్టుమాస్టరు చెప్పాడు. చిన్నాయన ఆగాడు. పాత ముద్రే కొట్టించమని జేజినాయన అడిగితే, కార్డు పాడైపోతుందన్నాడు. పోనీ జమ్మలమడుగులో కొట్టించమంటే, మన మగ్గం అక్కడ లేదు కదా, ఊరు అతకదన్నాడు. తండ్రి మీద ప్రేమ లేక కాదు. తండ్రి కార్డే అన్నిటికంటే బాగా రావాలని పట్టుదల. ఇప్పుడు తలచుకున్నా ఆ పట్టుదల మీద నాకు ఒళ్లు మండుతుంది.

"ముద్ర పడిందేమ్రా?" అని జేజినాయన రోజూ సాయంత్రం అడిగేవాడు. తరువాత సైగతో అడిగేవాడు. ఎండలు ముదిరాక ఒక తెల్లవారుజామున పోయాడు. పెద్దదినం కర్మ ఇంకా కాకముందే పోస్టాఫీసుకు కొత్త ముద్ర వచ్చింది.

పోస్టుమాస్టరు మంచి మనిషి. పలకరించడానికి ఇంటికి వచ్చినప్పుడు తనే అన్నాడు, "అంకెలు తిప్పి ముందరి తేదీ వేసిస్తాలేప్పా. ఆయన ఉండంగానే పడినట్టుంటాది." మా జేజి ఆ మాటకు కళ్లు తుడుచుకుని లేచి కూర్చుంది. "అట్లే చేయించుకొని రా నాయనా, దీపం కాడ పెట్టుకుంటా" అంది. ఆ రోజు ఆమె ముఖంలో మొదటిసారి కాస్త ప్రాణం కనిపించింది.

చిన్నాయన నన్ను వెంటబెట్టుకుని పోయాడు. పోస్టుమాస్టరు సూదితో ముద్రలోని అంకెలను వెనక్కి తిప్పి, సిరా దిండు మీద అద్ది చెయ్యి ఎత్తాడు. చిన్నాయన కార్డు మీద అరచెయ్యి పెట్టేశాడు.

"ఈ పొద్దుటిదే వేయండి సార్."

పోస్టుమాస్టరు ఎంత చెప్పినా ఆయన చెయ్యి తీయలేదు. నేను చొక్కా పట్టి లాగాను, ఏడ్చాను. చివరికి అంకెలు మళ్లీ ముందుకు తిరిగాయి. ముద్ర పడింది, ఎంత బాగా పడిందో! ఊరి పేరు, తేదీ, జేజినాయన భుజం పక్కన గుండ్రంగా. అంత చక్కటి ముద్రను నేను అసహ్యించుకున్నాను.

దారిలో ఆయనతో మాట్లాడనని చెప్పాను. చాలా దూరం నడిచాక ఆయనే అన్నాడు. "నాయన చూడల్ల అనుకున్నాడు. నేను చూడనియ్యలేదు. చూసినట్టు ముద్ర వేయించితే, నేను చేసింది ఏమీ లేనట్టే అయితాది పాపా."

ఇంటికి వచ్చాక జేజి ముందు కూర్చుని, తేదీ నాయన పోయిన తరువాతదనీ, ఆలస్యం చేసింది తానేననీ చెప్పాడు. మా జేజికి చదువు రాదు. ఆయన ఆ మాట చెప్పకపోతే ఆమెకు ఎన్నటికీ తెలిసేది కాదు, కార్డు దీపం దగ్గర ఉండేది, ఆమెకు కొంత ఊరట ఉండేది. ఆమె కార్డును చేతిలోకి తీసుకోకుండానే లోపలికి పోయింది. చాలా రోజులు కొడుకుకు తన చేత్తో అన్నం పెట్టలేదు. ఆయన అడగలేదు, తనే వడ్డించుకుని తినేవాడు. ఆ తరువాత చిన్నాయన మళ్లీ ఏ కార్డూ చేయలేదు.

ఆయన చేసింది సరైనదేనా అని నన్ను ఇప్పుడడిగినా గట్టిగా చెప్పలేను. ముసలామెకు ఆ కాస్త ఊరట ఇచ్చి ఉండొచ్చు కదా అనిపిస్తుంది. కానీ ఆ రోజు నుంచి చావు ఇంటికి ఆలస్యంగా పోవాల్సి వస్తే తప్పు బస్సు మీదా ఎండ మీదా నెట్టడం నాకు చేతకాలేదు. ఆలస్యమైందని చెప్పి ఒక పక్కన కూర్చుంటాను.

మొన్న ఎండాకాలం చిన్నాయనను కర్నూలు ఆసుపత్రిలో చేర్చారని ఫోన్ వచ్చింది. పొయ్యి మీద కూర దించేసి, కట్టుకున్న చీరతోనే బస్సెక్కాను. చేతిలో ఒక పండు కూడా లేదు. ఆయన కళ్లు తెరిచి కాసేపు చూసి గుర్తుపట్టాడు. "ఏం పాపా, ఇట్లే వచ్చినావా?" అన్నాడు. "ఇట్లే వచ్చినా చిన్నాయనా" అన్నాను. మర్నాడు మధ్యాహ్నానికి ఆయన లేడు.

ఆలస్యమైతే ఆలస్యమైందని చెప్పడం ఆయన దగ్గరే నేర్చుకున్నాను. ఆ మాట ఆయనకు చెప్పాల్సిన అవసరం మాత్రం రాలేదు.