రాజు గడిలో కుంకుమ

ధర్మవరంలో పట్టుచీరలు నేసే చంద్రమోహన్ దగ్గర పాత చదరంగం యంత్రం ఉంది. అది తన ఎత్తును గడుల్లో ఎర్రదీపాలతో చూపేది. ముప్పై ఏళ్ల కిందట ఆయుధపూజనాడు వాళ్లమ్మ అదీ పనిముట్టేననుకొని, మగ్గంతో పాటు దానికీ తడి కుంకుమ పెట్టింది.

"ఈ పొద్దు దేన్నీ ముట్టొద్దప్పా" అంది.

అతను దొంగచాటుగా ఆడబోయాడు. పావు కదపకముందే తన రాజున్న గడిలో దీపం వెలిగింది. ఎన్నిసార్లు ఆపి వేసినా అదే గడి. అమ్మ మాట మీరినందుకేననుకొని యంత్రాన్ని అటకెక్కించాడు. ఆ ఏడాదంతా మగ్గం మీద పోగు తెగినప్పుడల్లా అటకవైపే చూశాడు.

మొన్న విప్పి చూస్తే, ఆ గడి కింద తీగల మధ్య కుంకుమ గడ్డకట్టి ఉంది.

"ఇంతేనా? తుడిచెయ్యి" అంది భార్య సువర్ణ.

"నువ్వే తుడువు."

ఆమె గుడ్డ తెచ్చింది. అతని చేతిలో పెట్టి, రెండడుగులు వెనక్కి జరిగింది.