అక్క కోసం నేర్చుకున్న ఎత్తు

ఇది ఇంతవరకు ఎవరికీ చెప్పలేదు. కాలేజీలో మా అక్కను ఆరు ఎత్తుల్లో ఓడించిన ఆట నాకు అప్పటికప్పుడు తోచింది కాదు. పదహారు రోజుల ముందే దాన్ని నా డైరీలో రాసుకున్నాను.

అక్క అంటే పెదనాన్న కూతురు. గరివిడిలో మావి పక్కపక్క వాటాలు. నాకంటే రెండేళ్లు పెద్దది. చదరంగం నేర్పింది తనే. నలుగురిలో నోరు విప్పలేని నాకు, గంటసేపు ఒక మనిషికి ఎదురుగా కూర్చొని ఒక్క మాటా మాట్లాడక్కర్లేని ఆట దొరకడం పెద్ద ఊరట.

మొదట్లో ఇంట్లో అందరిలాగే చెరో రెండు బంట్లు ఒకేసారి జరిపి మొదలుపెట్టేవాళ్లం. పోటీల్లో అలా కుదరదని, ఆరంభానికి ఓపెనింగ్‌లని ఉంటాయని అక్కే తెలుసుకొని వచ్చింది. ఫోన్లో చూసి ఒక్కొక్కటీ ఆడి చూశాం. బంటును ఎర వేసి మీద పడిపోయే రకాలు నాకు సరిపడలేదు. తెల్లపావులు వస్తే రాజు ముందరి బంటునే జరిపేదాన్ని. అది అక్క మొదటిరోజు చూపించిన ఎత్తు, మార్చాలనిపించేది కాదు. నల్లపావులకి అక్క ఒక్కటే ఎంచుకుంది. సి వరసలో బంటును ఒక గడి జరపడం, తరవాత డి బంటుని దానికి తోడుగా పెట్టడం.

"ముందు గోడ కట్టేసుకుంటే ఎవులొచ్చినా తరవాత సూసుకోవచ్చే" అనేది.

ఆ ఓపెనింగ్ తనకి ఎక్కాల్లా కంఠతా వచ్చు. విజయనగరంలో ఇద్దరిదీ ఒకే కాలేజీ. బస్సులో నిలబడి, బోర్డు లేకుండానే ఎత్తులు పైకి చెప్పుకుంటూ వెళ్లేవాళ్లం. ఒకరోజు కండక్టరు ఆగి అడిగాడు.

"ఏటమ్మా, సి సిక్స్, డి ఫైవ్ అంటన్నారు? సీటు నంబర్లు నేవు ఈ బస్సుకి. కూకున్నదే సీటు."

"కూకుంటే కదా బాబూ, నంబరు సూడ్డానికి!" అంది అక్క. బస్సంతా నవ్వింది. నేను కిటికీ వైపు తిరిగిపోయాను.

అక్క డిగ్రీ ఆఖరి ఏడాదిలో, యూనివర్సిటీ పోటీలకి మా కాలేజీ అమ్మాయిల జట్టులో ఒక్క స్థానం మిగిలింది. అక్కకి మార్కులు తక్కువ. ఆ పోటీల సర్టిఫికెట్ ఉంటే స్పోర్ట్స్ కోటాలో పీజీ సీటుకి ఆశ ఉంటుంది. "సీటొస్తే సదువు, నేకపోతే ఊర్లో బడిలో సేరిపో" అని పెదనాన్న ముందే చెప్పేశాడు. నాకింకా రెండేళ్ల చదువుంది. ఆ స్థానం నాకు అవసరం లేదు. కావాలనిపించింది, అంతే. ఆటల మాస్టారు నన్ను ఎప్పుడూ "దాని సెల్లి" అనే పిలిచేవారు.

మా ఇద్దరికీ ఒక ఆట పెడతానని, గెలిచినవాళ్లే వెళ్తారని ఆయన అన్నారు. ఆ వారంలోనే కాలేజీ లైబ్రరీలో ఓ పాత చదరంగం పుస్తకం తిరగేస్తుంటే, అక్క ఓపెనింగ్ ఉన్న పేజీ అడుగున చిన్న అక్షరాల్లో ఓ రెండు వరసలు కనిపించాయి. ఐదో ఎత్తుకి తెల్లమంత్రిని రాజు ముందరి గడిలో పెట్టాలి. చూస్తే పిచ్చి ఎత్తు, సొంత శకటుకే దారి మూసేస్తుంది. కానీ నల్లవాళ్లు అలవాటు ప్రకారం రెండో గుర్రాన్ని బయటికి తీశారా, ఆట అయిపోయినట్టే. ఆ గుర్రాన్ని అక్క బోర్డు వంక చూడకుండానే తీస్తుందని నాకు తెలుసు. ఆ సంగతి నాకంటే బాగా తెలిసినవాళ్లు లేరు.

ఆ తరవాత కూడా రోజూ మేడమెట్ల మీద సాధన చేశాం. ఐదో ఎత్తు దగ్గర ప్రతిసారీ వేరే పావునే జరిపాను. ఓడిపోతే "పర్లేదే, బాగానే ఆడతన్నావు" అని నా వీపు తట్టేది. నాకు ఇప్పటికీ మింగుడుపడనిది గెలుపు కాదు, ఆ పదహారు రోజులు.

మా ఇద్దరి ఆట రోజున మాస్టారు పావులు పంచబోతే అక్క తెల్లవి నా ముందుకి తోసింది. "దానికే ఇవ్వండి సార్, సిన్నది."

నాలుగు ఎత్తులు గబగబా అయిపోయాయి. మంత్రిని పెట్టాను. అక్క మాస్టారితో ఏదో అంటూనే గుర్రం తీసింది. నా గుర్రం ముందుకి దూకి రాజుకి షా చెప్పింది. దాన్ని కొట్టాల్సిన బంటు కదిలితే రాజు మీదికి నా మంత్రికి దారి తెరుచుకుంటుంది. రాజు చుట్టూ తన పావులే, కదలడానికి ఒక్క గడీ లేదు. ఆట కట్టు. అప్పుడు బోర్డు వంక చూసి అక్క అడిగింది.

"ముందే తెలుసేటే?"

"నేదక్కా. ఇప్పుడే కనబడింది."

"సూసారా సార్, మా సెల్లి!" అంది. నవ్వింది కూడా. ఇంటికి వెళ్లేటప్పుడు బస్సులో ఒకే సీటు దొరికితే సగం నాకిచ్చింది.

యూనివర్సిటీ పోటీల్లో నేను ఆడినవాళ్లలో ఒక్క అమ్మాయే ఆ ఓపెనింగ్ వేసింది. ఆశగా మంత్రిని పెట్టాను. ఆమె నా మొహం చూసి చిన్నగా నవ్వి, గుర్రాన్ని వదిలేసి పక్క బంటును జరిపింది. అక్కడి నుంచి ఏం చెయ్యాలో నాకు తెలియదు. నేను నేర్చుకున్నది ఒక్క మనిషిని ఓడించడానికే. అన్ని ఆటలూ ఓడి వచ్చాను.

అక్కకి పీజీ సీటు రాలేదు. గరివిడిలో చిన్న ప్రైవేటు బడిలో చేరింది. ఈ ఏడాది నేను విజయనగరంలోనే హాస్టల్లో ఉంటున్నాను. పోయిన వారం బస్సు కాంప్లెక్సులో అక్క కనిపించింది. చిక్కిపోయింది. చేతిలో దిద్దాల్సిన పరీక్ష కాగితాల కట్ట. శనివారాలు పిల్లలకి చదరంగం నేర్పుతున్నానని చెప్పింది. ఇక ఆగలేక "అక్కా, ఆ రోజు ఆట..." అని మొదలుపెట్టాను. అప్పుడే గరివిడి బస్సు కదిలింది. అక్క పరుగున ఎక్కి, కిటికీలోంచి తల బయటపెట్టి అరిచింది.

"ఆ ఆట గురించే పిల్లలకి సెప్తన్నానే! నాలాగ కంఠతా పట్టకండర్రా, ఎవులూ సెప్పకుండా బోర్డు సూసి తనకి తనే కనిపెట్టినాది మా సెల్లి, దానిలాగ ఆడండి అని!"