మధ్యలో నిలబడినవాళ్ళ గొంతు

టేపుగారికి తల్లిదండ్రులు పెట్టిన పేరొకటి ఉంది. అది కరెంటు బిల్లు మీద తప్ప మరెక్కడా వాడుకలో లేదు. కింద దుకాణం దర్జీ దగ్గర్నుంచి పక్క గది పళ్ళ డాక్టరు దాకా అందరికీ ఆయన టేపుగారే. టేపులు లోకంలోంచి వెళ్ళిపోయి ఏళ్ళు గడిచినా ఆ బిరుదు మాత్రం ఆయన్ని వదల్లేదు.

పదకొండు మెట్లెక్కితే ఆయన గది. గది అనడం మర్యాదకే; ఇద్దరు కూర్చుంటే మూడో మనిషి గుమ్మం బయట నిలబడి మాట్లాడాలి. లోపల మూడు పాత టేపు మిషన్లు, రెండు కంప్యూటర్లు, ఒక టేబుల్ ఫ్యాను, కొక్కేలకు గుత్తులు గుత్తులుగా వేలాడే వైర్లు. తలుపు మీద బోర్డు: "పాత వీడియోలు కొత్త రూపంలోకి మార్చబడును. పోయిన శబ్దం తెప్పించబడును." ఆ రెండో వాక్యం వద్దని భార్య అప్పుడే చెప్పింది. "అంత మాటెందుకండీ. రేపు ఎవరైనా వచ్చి తెప్పించమంటే ఏం చేస్తారు?" అంది. ఆయన వినలేదు. పెయింటరు అప్పటికే గీతలు గీసేశాడని వంక చెప్పారు.

ఆయన దగ్గరికొచ్చే జబ్బులు నాలుగైదు రకాలు. కొందరికి బొమ్మ ఉంటుంది, మాట ఉండదు. కొందరికి మాట ఉంటుంది, తెర నల్లగా ఉంటుంది. కొందరు పెళ్ళికూతుళ్ళు అడ్డంగా సాగిపోయి, పీటల మీద అప్పడాల్లా కూర్చుని ఉంటారు. అన్నిటికంటే ఎక్కువ వచ్చేది పెదాల జబ్బు: మనిషి నోరు మూసేశాక మాట బయటికొస్తుంది. టేపుగారు ఎంతో గంభీరంగా ప్రశ్నలు వేస్తారు. "ఎప్పట్నుంచి ఇలా ఉంది? మొదట్నుంచీనా, మధ్యలో వచ్చిందా? వేరే దాంట్లో పెట్టి చూశారా?" గోడ అవతల పళ్ళ డాక్టరూ ఇంచుమించు ఇవే ప్రశ్నలు అడుగుతుంటాడు. రోగులు మాత్రం ఇటువైపే నిదానంగా కూర్చుంటారు.

పెదాల జబ్బుకి ఆయన మందు చప్పట్లు. వీడియోలో ఎక్కడో ఒకచోట ఎవరో చప్పట్లు కొడతారు, లేదా తలుపు ధడేల్మంటుంది. చేతులు కలిసిన క్షణాన్ని బొమ్మలో పట్టుకుని, టప్పుమన్న క్షణాన్ని శబ్దంలో పట్టుకుని, రెంటినీ ఒకచోటికి జరుపుతారు. రెప్పపాటులో సగం తేడా ఉన్నా ఆయన కంటికి ముల్లులా గుచ్చుకుంటుంది. టీవీలో వార్తలు చదివే అమ్మాయిని కూడా, "దీని పెదాలు కాస్త ముందున్నాయి," అని తప్పుపట్టిన మనిషి.

ఇంట్లో కూడా చప్పట్లతోనే సంసారం నడుస్తోంది. అదెలా వచ్చిందో చెప్పాలి.

ఆయన భార్య ముప్ఫై ఒక్క ఏళ్ళు ఒకటో తరగతి టీచరు. అరవై మంది పిల్లల అల్లరి మీదుగా వెళ్ళి చివరి బెంచీవాడి చెవిలో కూర్చునే గొంతు ఆవిడది. వంటింట్లోంచి "ఏమండీ" అంటే మూడో ఇంటి మగవాళ్ళు కూడా "ఆఁ" అనేవాళ్ళు. రెండేళ్ళ కిందట గొంతులో కణితి లేచింది. డాక్టర్లు కణితితో పాటు మాట పుట్టే పెట్టెను కూడా తీసేశారు. ప్రాణం నిలిచింది. మెడ ముందు చిన్న రంధ్రం, దాని మీద తెల్లటి పలచని గుడ్డ మిగిలాయి.

అప్పట్నుంచి బడిలో వాడిన పలకే ఆవిడకి నోరైంది. ఒక చప్పట కొడితే రమ్మని, రెండు కొడితే ఇక చాలని, మూడు కొడితే పోట్లాటకి సిద్ధపడమని. పలక చిన్నది, మర్యాదలకి చోటు చాలదు. నలభై ఏళ్ళు "మీరు, ఏమండీ" అన్న మనిషి ఇప్పుడు "లే", "తిను", "మందు తే" అని రాస్తుంటే, టేపుగారు దాన్ని పదవిలోంచి దిగిపోవడంలా స్వీకరించారు.

మనవరాలికి నాలుగేళ్ళు. చదవడం ఇంకా రాదు. పోయినసారి వచ్చినప్పుడు పాప అమ్మమ్మ ఒళ్ళోకి వెళ్ళలేదు. తల్లి కొంగు చాటు నుంచి చూసి, "అమ్మమ్మకి నామీద కోపం. నాతో మాట్లాడదు," అంది. కూతురు నచ్చజెప్పబోతే ఇంకా వెనక్కి దాక్కుంది. ఆ రోజు టీచరమ్మ పలక ముట్టుకోలేదు.

ఈసారి ఆదివారం వస్తున్నారని కబురొచ్చింది. గురువారం పొద్దున కాఫీ గ్లాసు పక్కన పలక కనబడింది.

"పాప వస్తోంది. నా కథ బయటికి తీయి."

కథంటే, ఎన్నో ఏళ్ళ కిందట బడి వార్షికోత్సవంలో ఆవిడ స్టేజీ మధ్యన నిలబడి పిల్లలకి చెప్పిన కథ. సొంతంగా అల్లింది. పదకొండు నిమిషాలు. దాన్ని వీడియో తీసింది టేపుగారే, కంప్యూటర్లోకి ఎక్కించిందీ ఆయనే. ఆవిడ గొంతు ఈ లోకంలో మిగిలింది అందులో ఒక్కచోటే. మాట్లాడే మనిషి ఇంట్లో ఉండగా ఎవరు రికార్డు చేసుకుంటారు?

"అదెంత పని," అన్నారు టేపుగారు. "పాప విని, ఇంత మాట్లాడే అమ్మమ్మా అని దడుచుకోకపోతే చూడు."

టీచరమ్మ నవ్వింది. నవ్వుకి ఇప్పుడు చప్పుడుండదు, భుజాలు కదులుతాయి.

ఆ రోజు గది తెరిచేసరికి రిటైరైన పోస్టుమాస్టరు మెట్ల మీదే కూర్చుని ఉన్నాడు.

"టేపుగారూ, మా నాన్న నోరు మూయించారండీ మీరు. ఆయన బతికుండగా మా అమ్మ వల్ల కూడా కాని పని అది."

ఫోను తీసి చూపించాడు. టేపుగారు పన్నెండేళ్ళ కిందట మార్చి ఇచ్చిన సన్మానం వీడియో. మధ్యలో పెద్దాయన మైకు ముందు నిలబడి చేతులు ఊపుతున్నాడు. మాట లేదు.

"చూడండి. ఎవడో దగ్గాడు, వినబడింది. కుర్చీ లాగారు, వినబడింది. ఆ మూల పిల్లాడి ఏడుపు కూడా వినబడుతోంది. సన్మానం జరుగుతున్న మనిషి ఒక్కడే వినబడడు. ఇదేం మర్యాద?"

"ఇన్నాళ్ళూ ఎలా విన్నారు?"

"టీవీలో బాగానే ఉండేదండీ. నిన్న మావాడు ఫోన్లోకి ఎక్కించాడు."

టేపుగారు ఇయర్‌ఫోన్లు తగిలించి పోస్టుమాస్టరు చెవుల్లో పెట్టారు. పోస్టుమాస్టరు కళ్ళు పెద్దవయ్యాయి. "ఉన్నాడు," అన్నాడు మెల్లగా. "నన్నే తిడుతున్నాడు."

"ఎక్కడికీ పోలేదండీ. కుడి చెవికి వెళ్ళే శబ్దం ఎడమ చెవి శబ్దానికి తలకిందులుగా ఉంది. విడివిడిగా ఉన్నంతసేపూ బాగానే ఉంటాయి. ఫోనుకి నోరు ఒక్కటే, రెంటినీ కలిపేస్తుంది. ఒకటి ఎంత పైకి లేస్తే రెండోది అంత కిందికి లాగుతుంది. మిగిలేది సున్నా."

"మా ఇంట్లో నేనూ మా ఆవిడా అంతే."

"పక్కల నుంచి వచ్చే శబ్దాలు రెండు చెవుల్లో ఒకేలా ఉండవు, అందుకని బతికిపోతాయి. సరిగ్గా మధ్యలో నిలబడినవాళ్ళే పోతారు."

ఒక పక్కని తిరగేసి నిలబెట్టడం రెండు నిమిషాల పని. పెద్దాయన ఫోన్లోంచి గదంతా వినబడేలా తిట్టడం మొదలుపెట్టాడు. పోస్టుమాస్టరు కళ్ళు తుడుచుకుని, దిగుతూ దిగుతూ మూడో మెట్టు మీద ఆగాడు. "అసలిలా ఎందుకయ్యిందండీ?"

"పాతబడితే అంతేనండీ," అన్నారు టేపుగారు.

అది అబద్ధం. పాతబడితే రంగులు పోతాయి, చారలు పడతాయి. శబ్దం తనంతట తాను తలకిందులు కాదు, ఎవరో చెయ్యాలి.

ఆయన సొరుగు లాగి చిన్న రేకుడబ్బా బయటికి తీశారు. టేపుల్లో గుయ్యిమనే మోత పోవడానికి అప్పట్లో ఆయనే స్వయంగా కట్టుకున్న డబ్బా. లోపల కుడికొకటి, ఎడమకొకటి రెండు రాగి తీగ చుట్టలు. మీద తన చేతి రాతతో "శాంతి" అని చీటీ అంటించి ఉంది. ఎన్నో ఏళ్ళు ప్రతి టేపూ అందులోంచే వెళ్ళింది. నాలుగు మరలు విప్పారు. ఎడమ చుట్టకి ఎర్ర తీగ పైన అతికించి ఉంది. కుడి చుట్టకి కింద.

టేపుగారు ఫ్యాను ఆపేశారు. ఎందుకు ఆపారో ఆయనకీ తెలియదు.

ఖాతాదారుల ఫైళ్ళన్నిటికీ రెండు పక్కలూ విడిగా ఉన్నాయి. ఎవరొచ్చినా రెండు నిమిషాల పని. ఇంటి ఫైలుకి, అంటే టీచరమ్మ కథకి, అలా చెయ్యలేదు. డిస్కులో చోటు కలిసొస్తుందని రెండు పక్కల్నీ కలిపి ఒకటి చేసేశారు. "మనింట్లోవాళ్ళకి ఒక చెవి చాలు," అని ఆ రోజు తన పొదుపుకి తానే మెచ్చుకున్నట్టు కూడా గుర్తుంది. ఖాతాదారుల ఫైళ్ళు మొదలు, మధ్య, చివర మూడుచోట్లా పెట్టి విని గానీ ఇచ్చేవారు కాదు. ఇంటిది ఎక్కడా వినలేదు. టేపుకి బూజు పట్టి ఉంది; బూజు పట్టినదాన్ని మిషన్ల దగ్గర ఉంచితే మిగతావాటికి పాకుతుంది కనక, పని కాగానే పారెయ్యడం ఆయన నియమం. నియమం ప్రకారం పారేశారు.

ఫైలు తెరిచారు. స్టేజీ మధ్య ఆకుపచ్చ చీరలో టీచరమ్మ. దగ్గులు వినబడ్డాయి. బెంచీల కిర్రు వినబడింది. ఆవిడ రెండు చేతులూ పక్షి రెక్కల్లా ఆడించింది, పెదాలు కదిలాయి, పిల్లలు గొల్లున నవ్వారు. మధ్యలో ఏమీ లేదు.

తిరగెయ్యడానికి రెండో పక్క లేదు. సున్నాని తిరగేస్తే సున్నాయే.

శుక్రవారం "ఈరోజు సెలవు" అని అట్ట తగిలించి, లోపల గడియ పెట్టుకున్నారు. పెదాల్ని బట్టి కథైనా కనిపెడదామని చూశారు. చాతకాలేదు. తీసిన మనిషి తనే కదా, గుర్తుండాలి కదా అనుకున్నారు. ఆ పదకొండు నిమిషాలూ ఆయన చూసింది కెమెరా మీద శబ్దం కొలిచే సూదిని. అది ఎర్ర గీత దాటకుండా కాపాడారు. కథ ఏమిటో అప్పుడూ వినలేదు.

శనివారానికి ఒకటి దొరికింది. నవ్వులకీ దగ్గులకీ మధ్య ఉన్న ఖాళీని ఇరవై రెట్లు పెంచితే, హాలు గోడలకి తగిలి తిరిగొచ్చిన ప్రతిధ్వని సన్నగా వినబడింది. నూతిలోంచి వచ్చినట్టుంది. మాటలు తెలియవు, మాట్లాడుతున్నారని మాత్రం తెలుస్తుంది. దాన్నే మూటగట్టుకుని ఇంటికొచ్చి భార్య చెవులకి హెడ్‌ఫోన్లు పెట్టారు.

ఆవిడ కళ్ళు మూసుకుని చివరిదాకా వింది. పలక తీసుకుంది.

"ఇది గోడ గొంతు. నాది కాదు."

"టేపుకి బూజు పట్టింది కదా," అన్నారు టేపుగారు. "అదే తినేసింది. ఏం చేస్తాం."

ఇన్నేళ్ళలో ఎందరో ఖాతాదారులకి ఇదే మాట చెప్పారు, చాలాసార్లు నిజంగానే. ఆవిడ ఆయన మొహంలోకి కాసేపు చూసింది. ఒకటో తరగతి పిల్లలు పలక పగలగొట్టి, దానంతటదే పగిలిందంటే చూసే చూపు. తర్వాత గుడ్డతో తుడిచి, "సరే" అని రాసింది.

ఆదివారం కూతురూ పాపా వచ్చారు. పాప యథాప్రకారం కొంగు వెనక్కి చేరింది. భోజనాలయ్యాక టీచరమ్మ ఒక చప్పట కొట్టి, చెయ్యి టీవీ వైపు చూపించింది.

"గొంతు లేదు కదమ్మా అందులో," అంది కూతురు. "బూజు తినేసిందని నాన్న ఫోన్లో చెప్పారు."

టీచరమ్మ మళ్ళీ చెయ్యి చూపించింది. టేపుగారు లేచి పెట్టారు.

పాప మెల్లగా కొంగు వదిలి ముందుకొచ్చింది. "అమ్మమ్మేనా?" అంది. పోల్చి చూసుకుంటున్నట్టు వెనక్కి తిరిగి అమ్మమ్మని చూసింది. తెర మీద రెక్కలు ఆడాయి, పిల్లలు నవ్వారు. పాప కూడా నవ్వబోయి ఆగింది.

"వాళ్ళెందుకు నవ్వుతున్నారు?"

"అమ్మమ్మ కథ చెబుతోంది," అంది కూతురు.

"వాళ్ళకి వినబడుతోందా?"

"ఆఁ."

పాప తెర దగ్గరికి వెళ్ళి చెవి ఆనించింది. కాసేపు అలాగే ఉంది. "వాళ్ళతో మాట్లాడుతోంది," అంది. "నాతోనే మాట్లాడదు."

తెర మీద పిల్లలు మళ్ళీ నవ్వారు, బాగా నవ్వారు.

"మాట్లాడుతోందమ్మా," అన్నారు టేపుగారు. "నీతోనూ మాట్లాడుతోంది. నేనే పోగొట్టాను."

"నాన్నా," అంది కూతురు.

"బూజు కాదు. బూజేం చెయ్యలేదు, పాపం. డబ్బాలో తీగ తిరగేసి అతికించింది నేను. రెండు పక్కలూ కలిపేసింది నేను. టేపు పారేసింది కూడా నేనే. ఊళ్ళోవాళ్ళందరివీ మూడుసార్లు విన్నాను. మనది ఒక్కసారి విని ఉంటే ఆ రోజే తెలిసేది, టేపు చేతిలోనే ఉండేది, రెండు చుట్టలుంటాయి చూడు, ఎడమదానికి ఎర్ర తీగ పైన ఉంటే కుడిదానికి కూడా..."

రెండు చప్పట్లు వినబడ్డాయి. ఇక చాలని.

ఆయన ఆగిపోయారు. టీచరమ్మ పలక కోసం చూడలేదు. కుర్చీలోంచి లేచి వెళ్ళి, తెర ముందు నేల మీద పాప పక్కన కూర్చుంది. పాప ఈసారి జరగలేదు. అలాగని ఒళ్ళోకీ రాలేదు. అమ్మమ్మ మెడ మీద తెల్ల గుడ్డని ఒక వేలితో ముట్టుకుని, వేలు వెనక్కి తీసుకుంది.

తెర మీద కథ నడుస్తూనే ఉంది. కాసేపటికి టేపుగారు గమనించారు: నేల మీద కూర్చున్న ఆవిడ పెదాలు కూడా కదులుతున్నాయి. పాప తెర వదిలేసి ఆ పెదాల వంకే చూస్తోంది.

నలభై ఏళ్ళ అలవాటు ఎక్కడికి పోతుంది. టేపుగారి కళ్ళు తెర మీది పెదాల్నీ, ముందున్న పెదాల్నీ మార్చి మార్చి చూశాయి. వెంట్రుకవాసి తేడా లేదు. ఎక్కడా జరపాల్సింది ఏమీ లేదు.