గున్న ఏనుగు నూటెనిమిది ప్రదక్షిణలు

ఆ రోజుల్లో నేను మంచి వయసులో ఉన్నాను. నలభై ఆరేళ్లు. నవ్వేవాళ్లు నవ్వండి, నాకేం. కొందరికి యవ్వనం ఇరవైకి వచ్చి పాతికకు వెళ్లిపోతుంది. నాకు ఇరవైలో వచ్చింది తిరుపతిలో లారీ ఆఫీసు గుమాస్తా ఉద్యోగం మాత్రమే. యవ్వనం, మా పాప ఇంటర్ చదువుకని ఇంటికి కంప్యూటర్ తెచ్చిన రోజున, దానితో పాటే అట్టపెట్టెలో వచ్చింది.

పాప స్నేహితురాలు ఇచ్చిన సీడీలో ఒక ఆట ఉండేది. ఆదివారం పొద్దున టీవీలో పిల్లలు చూసే బొమ్మల కథలోని గున్న ఏనుగూ, దాని వీపు మీద కూర్చుని నోరు మూయని ఒక చిలుకా అందులో ఉంటాయి. చిలుక గూటిని ఎవరో పాడుబడిన కోటలో దాచేశారు. దాన్ని వెతుక్కుంటూ ఈ రెండూ ముప్పై ఆరు గదులు దాటాలి. గదికొక చిక్కు. ఒక గదిలో ఏనుగు బండ మీద నిలబడితేనే చిలుకకు తలుపు తెరుచుకుంటుంది, ఇంకో గదిలో తొట్టి నిండితేనే తాళంచెవి పైకి తేలుతుంది. కత్తుల్లేవు, రక్తం లేదు. తప్పు చేస్తే ఏనుగు చచ్చిపోదు, చతికిలబడి చెవి గోక్కుంటుంది. (మా ఆఫీసులో నేను తప్పు చేసినప్పుడు మేనేజరు కూడా ఇంత మర్యాదగా ఉండి ఉంటే బాగుండేది.) ఆ ఆటను జిల్లా మొత్తంలో మొట్టమొదట ముగించింది నేనేనని ఇరవై ఏళ్లుగా చెప్పుకుంటున్నాను. జిల్లా అంటే మా వీధి. వీధి అంటే మా ఇల్లు. అందులోనూ కొంత మినహాయింపు ఉంది, అక్కడికే వస్తున్నాను.

ఒక ఆదివారం మా మీసాల బావ ఊడిపడ్డాడు. నా భార్యకు అన్న. చిత్తూరు దగ్గరి పల్లెలో చెరుకు రైతు, బెల్లం వండే చేయి. ఆయన మీసం ముందు వస్తుంది, ఆయన వెనక వస్తాడు. అప్పటికి నేను ముప్పై ఐదు గదులు దాటి, చివరి గదిలో ఏనుగును పరుగెత్తిస్తున్నాను. బావ గుమ్మంలోనే నిలబడిపోయాడు.

"ఏందప్పా ఇది? సంటిబిడ్డోళ్ల బొమ్మలు ముందర పెట్టుకోని కూసున్నావు? ఆఫీసులో గుమాస్తావు, ఇంట్లో గున్నేనుగువా?"

"బావా, ఇది బుర్రకు పెట్టే పరీక్ష. నీకు అర్థం కాదులే."

"బుర్రా? ఉంటే గదా పరీచ్చ! సిగ్గు యాడ పెట్టినావు, ఆ పెట్టెలోనా?"

పక్కనుంచి నా భార్య నవ్వింది. అన్నీ భరిస్తాను గానీ, పుట్టింటి వాళ్ల జోకుకు భార్య నవ్వితే మాత్రం మనిషన్నవాడు భరించలేడు. లేచి నిలబడ్డాను. మా వాకిట్లో నుంచి చూస్తే కొండ కనిపిస్తుంది. ఆ వైపు చెయ్యి చాచి, "ఇదిగో, కొండ సాక్షి. వచ్చే ఆదివారం సాయంత్రానికి నా చేత్తో ఈ ఆట ముగిస్తా. లేదంటే పైకెక్కి గుండు కొట్టించుకుంటా" అన్నాను. (ఆ రోజుల్లో నా జుట్టు గురించి ఒక మాట చెప్పాలి. నొక్కులు తిరిగిన జుట్టు. లారీ డ్రైవర్లు బిల్లు కాగితం కన్నా ముందు దాన్నే చూసేవారు. ఇది మాత్రం అబద్ధం కాదు, ఫోటో ఉంది.)

బావ మీసం మీద చెయ్యి వేశాడు. "నువ్వు ముగించినావంటే ఇది తీసేస్తా, పో."

మీసం కోసం కాదు, నా జుట్టు కోసం కాదు, నాకు ఇష్టమైన పని నేను చేసుకునే హక్కు కోసం ఆ వారం రోజులు యుద్ధం చేశాను. చివరి గది గుండ్రంగా ఉంటుంది. నడిమధ్యన రాతి స్తంభం, చుట్టూ ఎనిమిది దీపాలు. ఏనుగు స్తంభం చుట్టూ తిరిగేకొద్దీ దీపాలు ఒక్కొక్కటే వెలుగుతాయి. ఎనిమిదోది వెలగబోతుండగా అన్నీ ఠపీమని ఆరిపోతాయి. ఏనుగు చతికిలబడుతుంది, చెవి గోక్కుంటుంది. నేనూ గోక్కున్నాను. మెల్లగా తిప్పాను, పరుగున తిప్పాను. మూడు చుట్లు తిప్పాను, పదకొండు తిప్పాను. బుధవారం నాడు ఆఫీసు నుంచి రాగానే కాళ్లు కడుక్కుని, కాఫీ అయినా తాగకుండా, ఆ ఏనుగు చేత నూటెనిమిది ప్రదక్షిణలు చేయించాను. వంటింట్లో నుంచి వచ్చి చూసిన నా భార్య, "మధ్యలో లెక్క తప్పినారేమో, మళ్లా మొదట్నుంచి చేయండి" అంది, భక్తిగా. పాప కూర్చుని ఇంకో నలభై చేయించింది. చదువుకున్న పిల్ల, నేను పాతికేళ్ల అనుభవమున్న గుమాస్తా, నా భార్య మా ఇద్దరికన్నా తెలివైనది. ఒక్కరికీ తట్టలేదు!

ఆదివారం వచ్చింది. బావ మూడింటికే వచ్చి నా వెనక కుర్చీ వేసుకుని కూర్చున్నాడు. మొదటి అరగంట మీసం దువ్వుతూ నవ్వాడు. తర్వాత కుర్చీ ముందుకు జరిగింది. నాలుగున్నరకు ఆయన ఊపిరి నా మెడకు తగులుతోంది.

"అయ్యయ్యో, మళ్లా ఆరిపాయ! ఏందప్పా, ఎప్పుడు సూసినా అట్నే తిప్పుతావు? ఇట్ల తిప్పు, ఎడమకు."

నా భార్య బుగ్గ మీద వేలు పెట్టుకుంది. "అన్నా! యాడన్నా ఎడమకు సుట్టుకుంటారా? అపచారం గాదూ?"

"అపచారమా? లోపల సామి యాడుండాడు, సూపీ! నడిమిన కంబం, సుట్టూ తిరిగే జీవం. ఇది గుడి గాదమ్మే, గానుగ! నాయన కాలంలో మన గానుగెద్దు ఎట్ల తిరిగేది? ఎడమకే గదా!"

అంతవరకు మేం ముగ్గురం ఆ ఏనుగును గుడి చుట్టూ తిప్పుతున్నామని మాకే తెలియదు. మధ్యలో రాయి కనిపిస్తే కుడిచేతి వైపు ఉంచుకుని తిరగడం తిరుపతి వాళ్లకు నేర్పనక్కర లేదు, కాళ్లలోనే ఉంటుంది. నేను తేరుకునేలోగా బావ వంగి, బెల్లం వండి కాయలు కాసిన చూపుడు వేలితో ఎడమ బాణం మీట నొక్కి పట్టాడు. ఎనిమిది దీపాలూ వెలిగాయి. గోడ పక్కకు జరిగింది. చిలుక తన గూట్లో దూరి పాట అందుకుంది, ఏనుగు తోక ఊపుతూ గంతులు వేసింది. "గెలిచ్చిమి రా నాయనా!" అని బావ కుర్చీ మీద నుంచి ఎగిరాడు.

ఎగిరిన మనిషి కిందికి దిగేటప్పటికి ఇద్దరికీ పందెం గుర్తొచ్చింది.

అరగంట వాదించాను. కంప్యూటర్ నాది, కుర్చీ నాది, ముప్పై ఐదు గదులూ నావి. చివరికి పాపను తీర్పు అడిగాం. "నువ్వు 'నా చేత్తో ముగిస్తా' అన్నావు నాయనా. మామ చెయ్యి గదా నొక్కింది" అంది, కన్నకూతురు. బావ పెద్దమనిషి. "పోనీలేప్పా, గుండూ వద్దు, గిండూ వద్దు. ఇంకోసారి ఆడించు, మొదట్నుంచి సూస్తా" అన్నాడు. కానీ నా భార్య ఒప్పుకోలేదు. "కొండకు చెయ్యి సూపించి అన్నారు. మా అన్న మాఫీ చేస్తే అయిపోతాదా? అది మా అన్న మొక్కా?"

ఆ శనివారమే కొండెక్కాం. బావ కూడా ఏదో పాత మొక్కు ఉందని తోడొచ్చి నా పక్కనే తల వంచాడు. కల్యాణకట్టలో గోవిందనామాలు మోగుతున్నాయి. బావ కళ్లు గట్టిగా మూసుకుని తనూ గోవిందా అంటున్నాడు. తల పని ముగించిన క్షురకుడు ఆగి, "మీసం గూడానా?" అని అడిగాడు. బావ వినలేదు. నేను విన్నాను. నున్నటి గుండుతో, మహా భక్తిగా తల ఊపి, "ఆఁ, గూడానే" అన్నాను.

ఇరవై ఏళ్లుగా బంధువులందరికీ చెప్పింది ఏమిటంటే, నేను ఆట గెలిచాను, బావ మీసం పోయింది, ఆనందం పట్టలేక నేను గుండు కొట్టించుకున్నాను అని. బావ ఒక్కనాడూ కాదనలేదు. 'కొండ మింద అందరికీ అట్నే తీసేస్తారేమోలే' అనుకున్నాడు పాపం. ఇప్పుడిది ఆయన చదువుతాడు. చదవనీ. డెబ్బై ఆరేళ్ల మనిషి నన్నేం తరుముతాడు?

కొండ దిగాక ఇద్దరం తీయించుకున్న ఫోటో మా గోడ మీద ఉంది. రెండు గుండ్లు, గంధం. మీసం లేని బావ పెదవి పదేళ్ల పిల్లవాడి పెదవిలా ఉంది. నా జుట్టు మళ్లీ వచ్చింది గానీ నొక్కులు రాలేదు. సీడీ ఉంది గానీ అది వేసుకునే కంప్యూటర్ లేదు. మొన్న బీరువా సర్దుతుంటే దొరికింది. సీడీ మధ్య చిల్లులో వేలు పెట్టి తిప్పాను, అలవాటు చొప్పున కుడికే. ఆగి, ఎడమకు ఒక చుట్టు తిప్పాను. అరవై ఎనిమిదేళ్లకు ఇదేం ఆట అంటూ గుమ్మంలో నా భార్య నిలబడి ఉంది.

ఇంకో చుట్టు తిప్పాను.