శాన్ హువాన్ కోటలో అత్తయ్యగారికి తోడొచ్చిన పిల్ల

ఎవరైనా దెయ్యాల కబుర్లు మొదలుపెడితే టీవీ సౌండ్ పెంచే మనిషిని నేను. సాఫ్ట్‌వేర్ టెస్టింగ్ నా ఉద్యోగం. మళ్ళీ చేసి చూపించలేనిదాన్ని బగ్ అని కూడా ఒప్పుకోను. అలాంటిదాన్ని ఇది రాస్తున్నానంటే, ఆ రోజు నేనూ అక్కడే ఉన్నాను కాబట్టి.

అప్పుడు మేం అమెరికాలోని హెర్న్‌డన్‌లో ఉండేవాళ్ళం. 2011 క్రిస్మస్ సెలవులు. మా వీసా స్టాంపింగ్ గడువు దాటిపోయింది, దేశం దాటితే తిరిగి రావడం పెద్ద తలనొప్పి. ప్యూర్టో రికో అయితే అమెరికాలో భాగమే కాబట్టి ఆ గొడవ లేదు. పైగా డిసెంబర్‌లో కూడా ఎండ. మా అత్తయ్యగారు తెనాలి నుంచి వచ్చి కొన్ని నెలలైంది. హీటర్ పక్కన కూర్చుని "ఎండ మొహం చూసి ఎన్నాళ్ళయిందర్రా" అంటుండేవారు. టికెట్లు బుక్ చేసుకుని మా ఆయన, నేను, ఆవిడ ముగ్గురం అక్కడి శాన్ హువాన్ వెళ్ళాం.

ఊరి చివర, సముద్రంలోకి పొడుచుకొచ్చినట్టు పాత స్పానిష్ కోట ఉంది. దాని ముందు పెద్ద పచ్చిక మైదానం, ఆకాశం నిండా గాలిపటాలు. అత్తయ్యగారు ఎవరో ఒకావిడ దగ్గర దారం అందుకుని కాసేపు ఎగరేశారు కూడా. అత్తయ్యగారి చేతులు హుషారే, మోకాళ్ళే మాట వినవు. మా అపార్ట్‌మెంట్ మెట్లు ఎక్కాలన్నా మధ్యలో ఒకసారి కూర్చోవాల్సిందే.

కోట లోపలి వాకిట్లో నీడనున్న బెంచీ చూసుకుని కూర్చుండిపోయారు.

"మీరు తిరిగి రండి. నేనిక్కణ్ణుంచి కదల్ను. మీరు బతిమాలినా కదల్ను."

నీళ్ళ సీసా, పులిహోర డబ్బా ఆవిడ పక్కన పెట్టి, మేం ఫిరంగులు చూడ్డానికి కింది అంతస్తుకు దిగాం. తిరిగొచ్చేసరికి బెంచీ మీద సీసా ఉంది, డబ్బా ఉంది, అత్తయ్యగారు లేరు.

బాత్‌రూమ్ దగ్గర లేరు. బొమ్మలమ్మే షాపులో లేరు. ఆవిడకి ఇంగ్లీష్ రాదు, చేతిలో ఫోన్ లేదు. గోడ అవతల రాళ్ళు, సముద్రం. మా ఆయన గోడ మీంచి వంగి కిందకి చూస్తున్నారు. యూనిఫామ్ వేసుకున్న, కోట బాగోగులు చూసే రేంజరొకామె కనిపిస్తే పరుగెత్తాను. కంగారులో చీరని ఇంగ్లీష్‌లో ఏమనాలో తోచక, చేతులతో కుచ్చిళ్ళు పోసి చూపించాను. ఆమె వాకీటాకీ తీసింది.

ఇంతలో పైనుంచి కేక వినిపించింది. "అమ్మాయ్! ఇటు, ఇటు!"

తలెత్తి చూస్తే, లైట్‌హౌస్ ఉన్న పై అంతస్తులో, గోడ వారన అత్తయ్యగారు. కొంగు జెండాలా ఎగురుతోంది. రెండు చేతులూ ఊపుతున్నారు.

పైకి వెళ్ళడానికి బాగా ఎత్తుగా ఒక వాలు దారి ఉంది. ఆ ఏటవాలు ఎక్కేసరికి నాకే ఆయాసం వచ్చింది. ఆవిడకి చెమట కూడా పట్టలేదు.

"ఎలా ఎక్కావమ్మా ఇంత ఎత్తు?" మా ఆయన అరిచినంత పని చేశారు.

"ఓ పిల్ల తీసుకొచ్చిందిరా, చెయ్యి పట్టుకుని. మామ్మా, పైన గాలి బాగుంటుంది, రా అంది. పులిహోర పెట్టబోతే వద్దంది పిచ్చిది."

"ఏ పిల్ల? తెలుగువాళ్ళా?"

అత్తయ్యగారు ఆలోచనలో పడ్డారు. "ఏమోరా. కాళ్ళదాకా గౌను వేసుకుంది. ఏ భాషలో మాట్లాడిందో ఇప్పుడు గుర్తు రావట్లేదు. నాకైతే అంతా అర్థమైంది."

మా ఆయన ఆవిడ నుదురు ముట్టుకుని చూశారు. ఆవిడ చెయ్యి తోసేసి, పిల్ల చెప్పిన సంగతులు నాకు చెప్పడం మొదలుపెట్టారు. తను కూర్చున్న వాకిలి కిందంతా నీళ్ళేనట. వాన నీళ్ళు పైనుంచి కిందకి పట్టి, తొట్లలో దాచుకుని తాగేవాళ్ళట. పిల్ల నాన్న ఓడెక్కి వెళ్ళాడట, ఆయన కోసం రోజూ ఇక్కణ్ణుంచే చూస్తుందట.

"వచ్చేస్తాడులేమ్మా అన్నాను. ఎంత చక్కగా నవ్విందో!"

కిందకి దిగాక వెతికాను. వాకిలి అవతలి మూల ఒక బోర్డు ఉంది. దాని మీద ఆ నీళ్ళ తొట్ల సంగతి ఇంగ్లీష్‌లో, స్పానిష్‌లో రాసి ఉంది. అత్తయ్యగారు చదవగలిగేది తెలుగొక్కటే. మాకు ఆ విషయం అప్పటిదాకా తెలియదు.

పాతకాలపు వేషాలు వేసుకుని తిరిగే సిబ్బంది ఎవరైనా ఉన్నారా అని రేంజర్‌ని అడిగాను. ఆ రోజు ఎవరూ లేరంది. వాలు దారి దగ్గర నిలబడ్డ ఇంకో ఉద్యోగిని పిలిచి, అత్తయ్యగారితో ఎవరైనా పైకి వెళ్ళారా అని అడిగింది. అతను నవ్వాడు. అలాంటి బట్టల్లో వెళ్ళినావిడని ఎలా మర్చిపోతానన్నాడు. ఒక్కరే వెళ్ళారట. ఒక చెయ్యి పక్కకి చాపి, ఏదో మాట్లాడుకుంటూ, నవ్వుకుంటూ.

ఆ మాట అత్తయ్యగారికి తెలుగులో చెప్పాను. భయపడతారేమో అనుకున్నాను.

"ఒక్కదాన్నేంటే? అతనికి కళ్ళద్దాలు కావాలేమో అడుగు" అన్నారు.

సాయంత్రం మళ్ళీ పచ్చిక మీదుగా నడిచి వస్తున్నాం. అత్తయ్యగారు ఆగి, వెనక్కి తిరిగి, కోట గోడ వైపు చెయ్యి ఊపారు. పక్కనే మా ఆయన కూడా చెయ్యెత్తి ఊపారు. నేనూ చూశాను. ఖాళీ గోడ, దాని మూలన రాతితో కట్టిన గుండ్రటి కాపలా గూడు, వెనక ఆకాశం.

"మీరెవరికి ఊపారు?" అని మా ఆయన్ని అడిగాను.

"ఆ అమ్మాయికి. తనే కదా ముందు చెయ్యి ఊపి..." అని సగంలో ఆగిపోయారు. మళ్ళీ గోడ వైపు చూశారు. తర్వాత నా వైపు చూశారు.

ఇప్పుడు అడిగితే, అమ్మ ఊపింది కాబట్టి ఊపానంటారు. అత్తయ్యగారేమో ఆ పిల్ల నాన్న ఈపాటికి వచ్చేసి ఉంటాడని నమ్మకంగా చెబుతారు. నాకు మాత్రం ఇందులో ఏదీ తేలలేదు. ఎన్నోసార్లు ఆలోచించాను, ఎటు నుంచి చూసినా ఎక్కడో ఒకచోట లెక్క తప్పుతుంది. అదలా ఉంచితే, మా ముగ్గురిలో నా ఒక్కదానికే ఆ పిల్ల ఎందుకు కనిపించలేదా అని ఇప్పటికీ కాస్త ఉక్రోషంగా ఉంటుంది.