మొవ్వు చూసినందుకు రెండు కాయలు

దేవసహాయం గారు హైదరాబాదులో ఒక పెద్ద కంపెనీలో ఇరవై ఆరేళ్లు పనిచేశారు. చివరికి జనరల్ మేనేజరుగా ఉండగా కంపెనీ ఆ పదవినే ఎత్తివేసింది. భార్య సుగుణ అమలాపురంలో టీచరు. ఆయన కూడా అక్కడికే వచ్చేశారు. యాభై మూడేళ్ల మనిషి ఊరికే కూర్చోలేక, కంపెనీ ఇచ్చిన సొమ్ముతో ఒక సలహా సంస్థ ఫ్రాంచైజీ కొన్నారు. చిన్న వ్యాపారులకూ రైతులకూ ఖర్చు తగ్గించుకునే దారి చెప్పడం పని, ఇల్లే ఆఫీసు. సంస్థవారు ఒక నీలం బోర్డూ ఒక లావుపాటి పుస్తకమూ పంపారు. వీధి గదిలోని కుట్టుమిషను వంటింటి వసారాలోకి వెళ్లి, దాని చోటికి బల్ల వచ్చింది.

"మీ పుస్తకంలో కొబ్బరిచెట్టు బొమ్మైనా ఉందా అండీ?" అని అడిగింది సుగుణ.

"ఏ వ్యాపారానికైనా సూత్రం ఒకటే," అన్నారాయన.

మొదట వచ్చినవారు ముక్తేశ్వరం రైతు మురళీమోహన్ గారు. ఎనిమిది ఎకరాల కొబ్బరితోట ఆయనది. రెండు నెలలకొకసారి ఎర్రయ్య అనే పెద్దాయన తన మనుషులతో వచ్చి చెట్లెక్కి కాయ దింపేవాడు. కూలి కాక, పది చెట్లకు రెండు కాయల చొప్పున తీసుకెళ్లేవాడు.

"ఆ కాయలెందుకండీ?" అని అడిగారు దేవసహాయం.

"మా తాతల నాటి నుంచీ ఇస్తున్నామండి. ఎందుకో నాకూ తెలీదు."

కారణం చెప్పలేని ఖర్చును కొట్టివేయమన్నది పుస్తకం. దేవసహాయం గారు కొట్టివేశారు. కాయలు మానేసి, చెట్టుకింతని ఒప్పుకుని పూట తిరగకుండా ముగించే మనుషులను రావులపాలెం వైపు నుంచి పిలిపించమని రాసిచ్చారు.

దేవసహాయం గారి తండ్రి సత్యం జీవితమంతా కొబ్బరికాయల దింపు పనే చేశాడు. సాయంత్రం ఆయన భుజాన వచ్చిన కాయలతోనే తల్లి పచ్చడి నూరేది. ఆ సమయానికి ఇదంతా గుర్తుకు రాలేదని దేవసహాయం గారు తరువాత తనకు తాను చెప్పుకున్నారు. నిజానికి గుర్తుకు వచ్చింది. రైతు ఎదుట ఆ మాట ఎత్తడం ఇష్టం లేక ఊరుకున్నారు.

ఏడాది తిరిగాక మురళీమోహన్ గారు మళ్లీ వచ్చారు. పదకొండు చెట్లకు నడినెత్తిన లేత ఆకు పుట్టే మొవ్వు వాలి ఎండిపోయింది. కొమ్ముపురుగు లోపలికంటా తొలిచేసిందట.

"నా ఖర్మండి. మీరు చెప్పబట్టి దింపు ఖర్చైనా కలిసొచ్చింది," అన్నారాయన కృతజ్ఞతగా.

ఆ కృతజ్ఞత వింటుంటే, ఎర్రయ్య మానేసిన ఏడాదే పురుగు పట్టడమేమిటన్న అనుమానం కలిగింది దేవసహాయం గారికి. మర్నాడు పొద్దున్నే ముక్తేశ్వరంలో ఎర్రయ్య ఇంటికి వెళ్లారు. ఎర్రయ్య అరుగు మీద మోకు పేనుకుంటున్నాడు.

"రండి బాబూ. మానిపించినాయన మా ఇంటికొచ్చేరేంటని చూస్తన్నాను," అన్నాడు.

"ఆ రెండు కాయలూ ఎందుకిస్తారు బాబాయ్?"

"కూలి దింపినందుకండి. కాయలు మొవ్వు చూసినందుకండి. పైకెక్కినోడు ఎండుమట్టలు లాగేసి, మొవ్వు తుడిచి, పురుగుంటే చువ్వతో గుచ్చి తీసి గానీ దిగకూడదు. మీ నాన్నగారే నేర్పేరు నాకు."

"నాకు తెలీదు."

"ఆయ్. అప్పుడు మీరు చదువుకుంటన్నారు కదండీ."

అందులో ఎత్తిపొడుపు లేదు. ఉంటే బాగుండుననిపించింది దేవసహాయం గారికి.

"మరి మురళీమోహన్ గారికి చెప్పలేదేం?"

"ఎవరడిగేరండీ? రావొద్దని ఫోను చేసేరు. మానేసేను."

ఎర్రయ్యను వెంటబెట్టుకుని ఆయన తిన్నగా తోటకు నడిచారు. మురళీమోహన్ గారు కుర్చీ వేయించబోతే వద్దన్నారు.

"తప్పు నాదండి," అన్నారు.

"పురుగొస్తే మీరేం చేస్తారండీ?"

దేవసహాయం గారు సంగతంతా చెప్పారు. "మా నాన్న సత్యం దింపు కూలీ అండి. ఆ కాయలతోనే పెరిగేను. అవెందుకిస్తారో ఆయన్ని ఒక్కనాడూ అడగలేదు. మీరు తెలీదంటే, తెలిసినవాళ్లని అడక్కుండా కొట్టేసేను."

మురళీమోహన్ గారు ఎండిన చెట్ల వైపు ఒకసారి చూశారు.

"జనరల్ మేనేజరు గారని మీ దగ్గరకొచ్చేనండి," అన్నారు. "సత్యం గారబ్బాయినని ఒక్క ముక్క చెప్పుంటే, ఆ కాయల సంగతి మీ నాన్నగారి మనుషుల్నే అడిగి రమ్మందును."

దేవసహాయం గారు తల దించుకున్నారు.

"మళ్లీ వస్తావా ఎర్రయ్యా?" అని అడిగారు రైతు.

"వస్తానండి. చచ్చిన చెట్లలో పురుగు పెరుగుద్ది, ముందు ఆ పదకొండూ నరికించాలి. నరికేటప్పుడు మాత్రం ఈ బాబు ఇక్కడుండాలండి."

"ఆయనెందుకు?"

"చెట్టు పడ్డం కళ్లారా చూస్తే, ఇంకో తోటలో కాగితం మీద కొట్టేసే ముందు చెయ్యి ఆగుద్దండి."

శనివారం నరికారు. మొదటి చెట్టు ఒరిగినప్పుడు కాళ్ల కింద నేల అదిరింది. చీల్చిన మొవ్వులోంచి ఎర్రయ్య నల్లని పురుగులను ఏరి డబ్బాలోని కిరోసిన్‌లో వేస్తూ, ఒక్కొక్క చెట్టు వయసూ చెబుతూ పోయాడు. నాలుగోదాన్ని నాటిన గుంట తవ్వింది సత్యమేనన్నాడు. దేవసహాయం గారు ఆ మొద్దు దగ్గర కూర్చోబోయి మానుకున్నారు. ఇంకా ఏడు ఉన్నాయి. ఎండ నడినెత్తికి వచ్చినా, పదకొండోది పడేదాకా నిలబడే ఉన్నారు.